జకార్తాల జెండా ఎగిరేసిన హైదరాబాద్ పంతులు

మన హైదరాబాదుల ఒక బడిపంతులు ఉండె. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరు రహీమ్ సాబ్ అనేటోళ్లు. కాచిగూడ మిడిల్ స్కూల్ల, చాదర్‌ఘాట్ హైస్కూల్ల పిల్లలకు సదువు చెప్పిండు. గా పంతులు చేతుల పడ్డంక మన దేశం ఫుట్‌బాల్ టీమ్ ఏషియన్ గేమ్స్‌ల రెండుసార్లు బంగారం గెలిచింది. ఒలింపిక్స్‌ల సెమీఫైనల్ దాక పోయింది. ఆయన కన్నుమూసి అరవై ఏండ్లు దాటింది. ఆ బంగారం మళ్ల మన మొకం చూడలే.

గిది చదివే తమ్ముళ్లల్ల చానమందికి మెస్సీ జెర్సీ నంబర్ నోటికొస్తది. రొనాల్డో ఏ క్లబ్బుల ఎన్ని గోల్స్ కొట్టిండో లెక్క చెప్తరు. తప్పు పడ్తలేను, వరల్డ్ కప్ ఒస్తే నేను సుత అర్ధరాత్రి లేచి కూసుంట. కని రహీమ్ సాబ్ ఎవరని అడిగితే మొన్నమొన్నటి దాక తెల్లమొకమే. 2024ల అజయ్ దేవ్‌గణ్ సినిమా మైదాన్ ఒచ్చినంక కొందరికి ఎరుకైంది. మన హైదరాబాదోని ముచ్చట మనకు బొంబాయోళ్లు హిందీల చెప్పాల్సొచ్చింది. సినిమా అన్నంక కల్పించినవి ఉంటయి, ఉండనీ. అసలు జరిగిందే సినిమాను మించి ఉంటది.

రహీమ్ సాబ్ పుట్టింది 1909 ఆగస్టు 17న, నిజాం కాలంల. ఉస్మానియాల బీఏ చదివిండు, యూనివర్సిటీ టీమ్‌ల ఆడిండు. తర్వాత పంతులు కొలువు పట్టిండు. వ్యాయామ విద్యల డిప్లొమా సుత చేసిండు. 1943ల హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయిండు, సచ్చేదాక గా బాధ్యత ఆయన మీదనే ఉండె. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కు కోచ్.

గీడ కొంచెం ఆగుదాం. గా రోజుల్ల ఫుట్‌బాల్ అంటె కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్. పెద్ద పేర్లు, పెద్ద జనం. అసొంటి కాలంల మన సిటీ పోలీసోళ్లు బొంబాయికి పోయి రోవర్స్ కప్ గెలిచిండ్రు. ఒక్కసారి గాదు, 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదేండ్లు. పగలు పోలీసు నౌకరీ, పొద్దున మాపు గ్రౌండు. డురాండ్ కప్ సుత తెచ్చిండ్రు. కలకత్తా క్లబ్బులు మన పోరగాళ్లను ఎత్తుకపోవుడు షురూ చేసినయి.

ఏం చేసిండు మరి గంతగనం? నాకు ఆయనల బాగ నచ్చింది ఇదే. ఆయన మంత్రాలేం ఎయ్యలే. పిల్లలకు చిత్రమైన పోటీలు పెట్టేటోడు. ఒక పోటీల ఎవలు బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంట ఉరుకొద్దు, డ్రిబ్లింగ్ బంద్. దొరకంగనే పక్కోనికి ఇయ్యాలె. ఇంకో పోటీల మంచిగ నడిచే కాలుతోని తన్నొద్దు, వట్టిగున్న కాలుతోనే ఆడాలె. కుడికాలోడు ఎడమతోని, ఎడమకాలోడు కుడితోని. మొదట్ల పోరలు కిందామీద పడేటోళ్లు. రోజులు గడిచినకొద్ది రెండు కాళ్లు ఒక్క తీర్గ పనిచేసుడు మొదలు పెట్టినయి. ఒంటరిగ మెరిసేటోని కంటె పది మంది కలిసి ఆడే టీమ్ కావాలె ఆయనకు. బడిల పిల్లలకు పాఠం చెప్పినట్టే గ్రౌండ్ల ఆట చెప్పిండు. పైసల ఖర్చు లేదు, విదేశీ మిషన్లు లేవు. మీ ఊరి బడి గ్రౌండ్ల రేపే పెట్టుకోవచ్చు గిసొంటి పోటీ.

1951ల ఢిల్లీల మొట్టమొదటి ఏషియన్ గేమ్స్. ఫైనల్ల ఇరాన్ మీద 1-0, మేవాలాల్ గోల్. బంగారం. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌ల మాత్రం ఇజ్జత్ పోయింది. చలిదేశం, మనోళ్లల్ల చానమంది ఉత్తకాళ్లతోని ఆడిండ్రు. యుగోస్లావియా 10-1 తోని చిత్తు చేసింది. గా దెబ్బకు ఇగ బూట్లు లేకుంట ఆడేది లేదని మన ఫుట్‌బాల్ సంఘం రూల్ పెట్టింది. రహీమ్ సాబ్ మొకం చాటేసుకోలే. యూరప్ల హంగరీ టీమ్ ఎట్ల ఆడుతున్నదో సోయి పెట్టి సమజ్ చేసుకున్నడు. అందరు ముంగట నిలబెట్టే సెంటర్ ఫార్వర్డ్‌ను ఎనుకకు గుంజి, ఎదుటోని డిఫెన్స్‌ను ఆగం చేసే పద్ధతి అది. మన టీమ్‌కు నేర్పిండు.

1956 నవంబర్ 1న హైదరాబాద్ స్టేట్ అనేది నక్షల లేకుంట పోయింది. సరిగ్గ నెల తర్వాత, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల మన టీమ్ ఆస్ట్రేలియాను దాని గడ్డ మీదనే 4-2 తోని ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టిండు. సెమీఫైనల్ దాక పోయిన మొదటి ఆసియా టీమ్ మనదే. సెమీస్‌ల మళ్ల అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనదే, కని చివరికి 1-4. కాంస్యం ఆటల బల్గేరియా చేతుల 0-3. నాలుగో స్థానం. హెల్సింకిల పది గోల్స్ ఏసినోళ్లు నాలుగేండ్లకు నాలుగు దగ్గర ఆగిండ్రంటె, మధ్యల ఎంత చెమట కారిందో మీరే అర్థం చేసుకోండ్రి. గా టీమ్‌ల మన హైదరాబాద్, సికింద్రాబాద్ పోరలు ఒక్కలిద్దరు గాదు, గుంపు ఉండె.

గా పోరల్లనే తులసీదాస్ బలరామ్ ఒకడు. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ. లేనోళ్ల ఇల్లు. సిటీల ప్రాక్టీసుకు రాను పోను బస్సు కిరాయి ఎల్లని పోరడు. రహీమ్ సాబ్ ఆయన ఆట చూసి, సైకిల్ బందోబస్తు చేసి గ్రౌండుకు రప్పించిండు. ఒక్క సైకిల్ లేకపోతే దేశం ఒక బలరామ్‌ను చూడకపోవు. ఇయ్యాల మన మండలాలల్ల బస్సు కిరాయి లేక, ఆడిచ్చేటోడు లేక ఆగిపోయిన బలరామ్‌లు ఎంతమందో ఎవలు లెక్క పెట్టలే.

ఇగ 1962 కాడికి ఒద్దాం. నా లెక్కల మన దేశం ఫుట్‌బాల్ ఆడిన పెద్ద ఏడాది గదే.

అప్పటికే రహీమ్ సాబ్ ఒంట్ల క్యాన్సర్ ఉండె. అయినా ఆగస్టుల టీమ్‌ను తీస్కొని జకార్తా పోయిండు. కెప్టెన్ చునీ గోస్వామి. 26న మొదటి ఆట, దక్షిణ కొరియా 2-0 తోని ఓడగొట్టింది. సురువుల్నే దెబ్బ. 28న థాయ్‌లాండ్ మీద 4-1 తోని గెలిచినం గని, డిఫెన్స్‌కు గోడ లెక్క నిలబడే జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డయి. మరుసటి రోజే జపాన్ తోని ఆట. పీకే బెనర్జీ, బలరామ్ చెరొకటి కొట్టిండ్రు, 2-0. అవును తమ్మీ, జపాన్ మీద. రోజు ఎడంల రెండు ఆటలు ఆడి రెండూ గెలిచిండ్రు.

గీడ దాక ఆట. బయట ఇంకో కొట్లాట నడుస్తుండె. ఇండోనేషియా సర్కారు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు వీసాలు ఇయ్యలే. గట్లయితే వీటిని ఏషియన్ గేమ్స్ అని ఎట్ల అంటరని మన దేశం నుంచి పోయిన క్రీడా పెద్దమనిషి జి.డి. సోంధీ పంచాయితీ పెట్టిండు. జకార్తా జనానికి కోపం నషాళానికి ఎక్కింది. గుంపులు మన ఎంబసీ మీద పడ్డయి. పెద్దోళ్లు పెద్దోళ్లు కొట్లాడుకుంటె దెబ్బలు తిన్నది ఎవలు? ఆటగాళ్లు. మనోళ్లు ఎక్కిన బస్సుకు జెండా పెట్టుకునే ధైర్యం లేకుండె. కిటికీలకు కనవడకుంట కింద కూసోని గ్రౌండుకు పోయిండ్రు. గ్రౌండ్ల మన జాతీయ గీతం ఒస్తె ఒర్రుడు, ఎక్కిరించుడు.

సెప్టెంబర్ 1న దక్షిణ వియత్నాం తోని సెమీఫైనల్. రహీమ్ సాబ్ గప్పుడు ఏసిన ఎత్తు చూడుండ్రి. తల పగిలిన జర్నైల్‌ను డిఫెన్స్‌ల పెడితే కష్టం. కూసోబెడితే టీమ్ ధైర్యం జారిపోతది. చిన్ననాడు ముందు వరుసల ఆడిన అలవాటు ఆయనకు ఉండె. అందుకే కట్టు కట్టించి సెంటర్ ఫార్వర్డ్‌ల దింపిండు. డిఫెండర్‌ను గోల్ కొట్టనీకె పంపుడంటె, నాగలి దున్నేటోనికి నావ అప్పజెప్పినట్టే. జర్నైల్ గోల్ కొట్టిండు. రెండు గోల్స్ ముందున్నం అనుకునే లోపట వియత్నామోళ్లు రెండు కొట్టి సమానం చేసిండ్రు. చివరికి చునీ గోస్వామి గోల్‌తోని 3-2. బతుకు జీవుడా అని ఫైనల్‌కు చేరినం.

ఫైనల్ ముందటి రాత్రి రహీమ్ సాబ్ పోరలను దగ్గరికి పిలిచి, రేపు నాకు బంగారం కానుక ఇయ్యుండ్రని అడిగిండని గా టీమోళ్లు తర్వాత చెప్పుకున్నరు. ఆయన రోగం ఎంత ముదిరిందో వాళ్లల్ల చానమందికి ఎరుకనే లేదు.

సెప్టెంబర్ 4. సెనయన్ స్టేడియం. లక్షమంది జనం, దాదాపు అందరు మనకు ఉల్టా. ఎదుట మొదటి ఆటల మనను ఓడగొట్టిన దక్షిణ కొరియా. జరంతోని పడి లేచిన ఆరడుగుల పీటర్ తంగరాజ్ గోల్ కాడికి తిరిగొచ్చిండు. కాలివేలు దెబ్బతిన్న త్రిలోక్ సింగ్ ఆ నొప్పితోనే దిగిండు. జర్నైల్ తలకు కట్టు. మన హైదరాబాద్ యూసఫ్ ఖాన్ ఉండె, బలరామ్ ఉండె. గోవాల మూలాలున్న ఫ్రాంకో ఉండె. అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, ప్రశాంత సిన్హా.

గా పేర్లు ఒక్కసారి మెల్లగ చదువుండ్రి. ఫేస్‌బుక్కుల దేశభక్తి సర్టిఫికెట్లు పంచేటోళ్లకు చూపియ్యుండ్రి. జర్నైల్ పుట్టింది ఇప్పటి పాకిస్తాన్ల ఉన్న లాయల్‌పూర్ దిక్కు. దేశ విభజన మారణకాండల నుంచి పానం దక్కించుకుని ఇటు ఒచ్చినోడు. గా టీమ్‌ను నడిపిస్తున్నది సైనిక చర్య జరిగి పద్నాలుగేండ్లు సుత నిండని హైదరాబాద్ నుంచి పోయిన ఒక ముసల్మాన్ పంతులు. ఇంకో మాట వినుండ్రి. లక్షమంది తిడుతుంటె, గా స్టేడియంల మనోళ్ల దిక్కు చప్పట్లు కొట్టి కేకలేసిన కొద్దిమందిల పాకిస్తాన్ హాకీ టీమ్ ఉండె. హాకీ ఫైనల్ల మనను ఓడించి బంగారం గెలిచినోళ్లు వాళ్లే.

17వ నిమిషంల పీకే బెనర్జీ కొట్టిండు. మూడు నిమిషాలకు కట్టు కట్టుకున్న జర్నైల్ ఇంకోటి. స్టేడియం సప్పుడు బంద్. ఇగ అక్కడి నుంచి గంటకు పైన మనోళ్లు గోడ కట్టి నిలబడ్డరు. ఆట అయిపోతది అనంగ 85వ నిమిషంల కొరియా ఒకటి ఏసింది. అంతె, 2-1. పది రోజుల్ల ఐదు ఆటలు. జెండా దాచిపెట్టుకుని పోయినోళ్లే, లక్షమంది ముంగట గదే జెండాను అందరికంటె పైకి ఎగిరేసి ఒచ్చిండ్రు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ హైదరాబాద్ల కన్నుమూసిండు. యాభై మూడేండ్లు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985ల, ఆయన పోయిన ఇరవై రెండేండ్లకు.

ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ల మనకు దక్కింది 1970ల బ్యాంకాక్ల ఒక్క కాంస్యం. మన చేతుల 0-2 తోని ఓడిన జపాన్ ఆరేండ్లకే ఒలింపిక్స్ కాంస్యం తెచ్చుకుంది. మనం ఫైనల్ల ఓడించిన కొరియా, గదే జపాన్ కలిసి 2002ల వరల్డ్ కప్పే నడిపించినయి, కొరియా సెమీస్ దాక పోయింది. వాళ్లు బడి నుంచి, ఊరి నుంచి పోరలను తయారు చేసే పద్ధతి నిలబెట్టుకున్నరు. మన కాడ పద్ధతి ఒక మనిషిల ఉండె, ఆ మనిషితోనే మట్టిల కలిసింది. 1965-66ల ఆంధ్రప్రదేశ్ పేరు మీద సంతోష్ ట్రోఫీ గెలిచినం, గదే ఆఖరు. నేను తిరిగే ఊర్లల్ల వ్యాయామం సారు లేని బడులు, సారు ఉంటె బంతి లేని బడులు, బంతి ఉంటె గ్రౌండు కబ్జా అయిన బడులు చూస్తనే ఉన్న. ఒక ఊర్ల గోల్ పోస్టుకు బర్రెను కట్టేసిండ్రు. బర్రె తప్పేం లేదు, దానికి గా కట్టె ఎందుకు పాతిండ్రో ఎవలన్న చెప్తే గద.

రహీమ్ సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ సుత ఫుట్‌బాలోడే. 1960 రోమ్ ఒలింపిక్స్ టీమ్‌ల ఉండె, తర్వాత ఫీఫా రెఫరీ అయిండు. 2017ల ధ్యాన్‌చంద్ అవార్డు ఒచ్చింది, 2021ల పోయిండు. పీకే, చునీ 2020ల ఒకరెంట ఒకరు పోయిండ్రు. సైకిల్ మీద గ్రౌండుకు ఒచ్చిన అమ్ముగూడ బలరామ్‌ను జబ్బు 1963లనే ఆటకు దూరం చేసింది. 2023 ఫిబ్రవరిల కలకత్తాల కన్నుమూసిండు.