లారెన్స్ బైక్ ప్రమాదం, ఒక డాక్టర్ లెక్కలు



'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. అది మొదలయ్యేదే ఒక బైక్ ప్రమాదంతో. నిజంగా జరిగిందే.

టి.ఇ. లారెన్స్ 1888లో వేల్స్‌లో పుట్టారు, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బుల తిరుగుబాటుకు తోడుగా ఒంటెల మీద ఎడారిలో పోరాడి పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఆ పేరే ఆయనకు బరువైంది. పేరు మార్చుకుని వైమానిక దళంలో మామూలు సిపాయిగా చేరారు, కొన్నాళ్లు కరాచీలో కూడా పనిచేశారు. ఆయనకున్న పెద్ద సరదా మోటార్ సైకిల్. బ్రఫ్ సుపీరియర్ బండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఏడు వాడారు. స్పీడంటే అంత పిచ్చి!

1935 మే 13. రిటైరై మూడు నెలలు కూడా కాలేదు. దగ్గర్లోని మిలిటరీ క్యాంపుకు వెళ్లి ఇంటికి వస్తున్నారు. రోడ్డు పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కే చోటు అది. ముందు ఏముందో కనిపించదు. అడవి రోడ్ల మీద తిరిగే మనకు అలాంటి చోట్లు కొత్త కాదు. సైకిళ్ల మీద ఇద్దరు అబ్బాయిలు ఒక్కసారిగా కనపడ్డారు. వాళ్లను తప్పించబోయి ఆయన బండి మీంచి ఎగిరిపడ్డారు. పిల్లలు బతికారు. ఆయన తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ రాలేదు. మే 19న, 46 ఏళ్ల వయసులో, చనిపోయారు.

చాలా పుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. నాకు మాత్రం తర్వాత జరిగిందే ముఖ్యం అనిపిస్తుంది. ఆయన్ను చూడటానికి పిలిపించిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బైకుల మీద సందేశాలు చేరవేసే సిపాయిలు తల దెబ్బలతో చనిపోతుంటే ఆయన లెక్కలు తీశారు. యుద్ధం మొదటి 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద 2,279 మంది బైకుల మీద వెళ్తూ చనిపోయారు. తాను చూసిన కేసుల్లో హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు ఏడుగురే. ఏడుగురూ బతికారు. 1941లో ఈ వ్యాసం అచ్చయింది. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం తన బైక్ సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి అక్కడ చట్టం వచ్చేసరికి 1973 అయింది. కెయిర్న్స్ అప్పటికి లేరు, 1952లోనే పోయారు.

ఖమ్మంలోనైనా భద్రాచలంలోనైనా ఉదయం స్కూల్ గేటు ముందు నిలబడి చూడండి. నాన్న తలకు హెల్మెట్ ఉంటుంది, వెనక కూర్చున్న పాపకు బ్యాగు మాత్రమే ఉంటుంది. మన చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటితే పిల్లలకూ హెల్మెట్ ఉండాల్సిందే. అంతకంటే చిన్నవాళ్లను ఎక్కించుకుంటే, 2023 ఫిబ్రవరి నుంచి, వాళ్లను నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు కావాలి. తొమ్మిది నెలలు దాటితే వాళ్ల తలకు సరిపోయే హెల్మెట్ కూడా కావాలి. బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.