చక్రాల కుర్చీలో శస్త్రవైద్యురాలు: డాక్టర్ మేరీ వర్గీస్

బెంగళూరు నగరానికి తూర్పున, కుందలహళ్లిని ఆనుకొని ఉన్న బ్రూక్‌ఫీల్డ్ వీధులలో సాయంవేళ నడిచేవారికి కన్నడంతోపాటు తెలుగు మాట కూడా తరచుగా వినబడుతుంది. కంప్యూటరు కొలువులకై వచ్చినవారు కొందరు, ఆ కొలువులవారికి ఇండ్లు కట్టేందుకై వచ్చినవారు మరికొందరు. సరిహద్దు పల్లెలలో బిడ్డలను ఇటువంటి కట్టడపు పనులకు పంపిన తల్లిదండ్రులను ఒక భయం వెన్నంటే ఉంటుంది. సారవ కట్టె జారితే ఏమి గతి? ఊరిలో చింతచెట్టు కొమ్మ విరిగినా, దారిలో మోటారు సైకిలు బోల్తాపడినా అదే భయం. నడుము విరిగినవాని బ్రతుకు మంచానికే అంకితమని మన పెద్దలు తలపోసేవారు. ఆ తలపు తప్పని తన దేహంతోనే నిరూపించిన వైద్యురాలు మనకు పొరుగునే, రాయవేలూరులో జీవించారు.

డాక్టర్ మేరీ వర్గీస్ 1925లో నేటి కేరళ రాష్ట్రంలో, కొచ్చిన్ సమీపాన గల చెరాయి గ్రామంలో జన్మించారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, అనగా మనవారందరూ సి.ఎం.సి. అని పిలిచే ఆస్పత్రికి చెందిన కళాశాలలో వైద్యవిద్య పూర్తిచేశారు. స్త్రీల వ్యాధుల విభాగంలో కుదురుకొని, ప్రసూతి వైద్యురాలిగా స్థిరపడాలన్నది ఆమె సంకల్పం. 1954 జనవరిలో తోటి యువ వైద్యులతో కలిసి విహారానికి వెళ్లిన వాహనం దారిలో బోల్తాపడింది. ముఖానికి తీవ్రగాయాలు తగిలాయి. అంతకన్న ఘోరం వెన్నుకు తగిలిన దెబ్బ. నాటినుంచి ఆమె కాళ్లలో స్పర్శ లేదు, కదలిక లేదు.

ఇక్కడ కొంత ఆగి, వెన్నుపాము స్వరూపం తెలుసుకొనడం అవసరం. మెదడు నుంచి దిగివచ్చే ఈ నాడీరజ్జువు సుమారు చిటికెనవేలి మందం, 45 సెంటీమీటర్ల పొడవు కలిగి, నడుము పూసలలో మొదటి రెండింటి వద్దనే ముగుస్తుంది. దానినుంచి 31 జతల నాడులు వెలువడుతాయి. మెడలో 8, ఛాతీ భాగంలో 12, నడుములో 5, దాని దిగువ త్రికభాగంలో 5, చిట్టచివర ఒకటి. ప్రతి నాడికీ రెండు వేళ్లు. వెనుక వేరు స్పర్శను లోనికి తెస్తుంది, ముందు వేరు కండరానికి ఆజ్ఞను మోసుకుపోతుంది. ఈ రహస్యాన్ని 19వ శతాబ్దం తొలి దశకాలలో స్కాట్లండువారిలో చార్లెస్ బెల్, ఫ్రెంచివారిలో మజాండీ వెల్లడించారు. చేతులను నడిపే నాడులు మెడనుంచి, ఛాతీ పైఅంచునుంచి బయలుదేరుతాయి. కాళ్లను, మూత్రాశయాన్ని, మలద్వారాన్ని నడిపేవి దిగువనుంచి బయలుదేరుతాయి. కనుక దెబ్బ ఎక్కడ తగిలిందన్న దానిపైనే ఏది పోయింది, ఏది మిగిలింది అన్నది ఆధారపడి ఉంటుంది. మేరీ గారికి దెబ్బ దిగువన తగిలింది. చేతులు మిగిలాయి.

మరొక సంగతి మన పల్లెలలో పెక్కు కుటుంబాలను మోసగిస్తున్నది. ముల్లు గుచ్చుకోగానే మనం కాలు వెనుకకు లాగుకొంటాము. ఆ ఆజ్ఞ మెదడుది కాదు, వెన్నుపాముదే. మెదడుకు కబురు తరువాత అందుతుంది. దీనిని ప్రతీకార చర్య అంటారు. మోకాటి చిప్ప కింద వైద్యుడు చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగరడం ఇదే కోవలోనిది. వెన్నుపాము తెగినా నలిగినా తొలి దినాలలో దిగువనున్న ఈ చర్యలన్నీ స్తంభించి, కాళ్లు వాలిపోతాయి. కొన్ని దినాలకో వారాలకో అవి తిరిగి మేల్కొంటాయి. అయితే వాటిని అదుపుచేసే మెదడు ఆజ్ఞ అందదు గనుక హద్దుమీరి పనిచేస్తాయి. దుప్పటి తగిలితే చాలు, కాళ్లు బిగుసుకొని ఎగురుతాయి. అది చూచి ఇంటివారు కాళ్లకు ప్రాణం వచ్చిందని సంతోషించి, ఉన్న కాస్త ధనాన్ని పసరు మందులకు ధారపోస్తారు. రోగి తన ఇచ్ఛతో బొటనవేలు కదపగలిగితే, మలద్వారం వద్ద స్పర్శ తెలిస్తే, అది ఆశకు తావిచ్చే గుర్తు. తానుగా ఎగిరే కాలు మాత్రం గుర్తు కాదు.

ప్రసంగవశాత్తు ఒక మాట. ఎత్తునుంచి పడినవానిని నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి, ఆటోలో ముడిచి కూర్చోబెట్టడం మనకు అలవాటు. నలిగిన వెన్నుపాము అప్పుడు మరింత దెబ్బతినవచ్చు. తల, మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండ పట్టుకొని, దుంగను దొర్లించినట్లు పక్కకు తిప్పి, వెడల్పాటి పలకపై పడుకోబెట్టి తీసుకుపోవాలి. 108 బండి వచ్చేవరకు వేచి ఉండడం మేలు.

మేరీ గారి వెన్నుకు పలు శస్త్రచికిత్సలు జరిగాయి. కూర్చొనడానికి వీలు కలిగింది గాని కాళ్లు రాలేదు. ఆ నిరాశలో ఆమెకు దారి చూపినవారు డాక్టర్ పాల్ బ్రాండ్. కుష్ఠువ్యాధి వల్ల మోచేతి వద్ద నాడి చచ్చి, వేళ్లు గోళ్లవలె ముడుచుకొనిపోయిన రోగులకు, చేతిలో బాగుగా ఉన్న కండరపు స్నాయువును మరొక చోటికి మళ్లించి వేళ్లకు చలనం కల్పించే విధానాన్ని ఆయన వేలూరులో అభివృద్ధి చేశారు. ఈ పని కూర్చొని చేయవచ్చు. మేరీ గారు చక్రాల కుర్చీలోనే శస్త్రచికిత్సా బల్లను సమీపించి ఆ విద్యను అభ్యసించారు. నాడి చచ్చిన చేతులను నాడి చచ్చిన కాళ్లుగల వైద్యురాలు సరిచేసేవారు. ఊరు వెలివేసిన రోగులు ఆ కుర్చీని చూచి ఏమి భావించి ఉంటారో ఊహించుకొనవచ్చును.

అనంతరం ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో పునరావాస చికిత్స పొందారు. అచటినుంచి అమెరికా వెళ్లి, న్యూయార్కులో డాక్టర్ హోవర్డ్ రస్క్ స్థాపించిన సంస్థలో ఆ శాస్త్రాన్నే అభ్యసించారు. అంతకుముందే ఇంగ్లండులో 1944లో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గట్‌మన్ మహాశయుడు ఒక సత్యాన్ని రుజువు చేశారు. వెన్ను విరిగినవారిని చంపేది ఆ విరుగుడు కాదు, పడక పుండ్లు, మూత్రకోశపు చీము. రెండు గంటలకొకసారి ఒత్తిగిలింపజేసి, మూత్రాన్ని శుభ్రంగా తీస్తే వారు దీర్ఘకాలం జీవిస్తారు. స్పర్శ లేని చర్మం నొప్పి తెలుపదు గనుక దానిని ప్రతిదినం కంటితో చూచి కాపాడవలసినది ఇంటివారే. దెబ్బ ఛాతీ పైభాగాన తగిలిన వారిలో మూత్రాశయం నిండితేనే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగి, తలపోటు, చెమట కలుగుతాయి. ఆ సమయాన వారిని కూర్చోబెట్టి, వెంటనే మూత్రం తీయాలి.

స్వదేశానికి మరలిన మేరీ గారు 1963లో వేలూరులో పునరావాస వైద్య విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో బాగాయంలో పునరావాస సంస్థ తెరచుకొన్నది. రోగులు అచటనే కొంతకాలం నివసించి, మంచం నుంచి కుర్చీలోకి తామే మారడం, చేతులకు బలం తెచ్చుకొనడం, మూత్ర విసర్జన క్రమాన్ని తామే నిర్వహించుకొనడం అభ్యసిస్తారు. వెంట వచ్చిన బంధువుకూ శిక్షణ లభిస్తుంది. చికిత్స ముగిశాక ఏ పని చేసి బ్రతుకుతారన్న ప్రశ్న అసలైనదని ఆమె ఎరుగుదురు. తానే ఆ ప్రశ్నను దాటి వచ్చారు గదా.

ఆమె జీవితాన్ని డొరొతీ క్లార్క్ విల్సన్ అనే అమెరికా రచయిత్రి 1963లో గ్రంథంగా వెలువరించారు. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ బిరుదుతో సత్కరించింది. వికలాంగులకు వృత్తి శిక్షణ నిచ్చేందుకు ఆమె పేరిట ఒక ట్రస్టు ఏర్పడిన 1986 సంవత్సరంలోనే, డిసెంబరు మాసంలో ఆమె కన్నుమూశారు. కాట్పాడి స్టేషనులో దిగి వెన్ను విరిగిన బిడ్డతో బాగాయం చేరే మనవారికి ద్వారం వద్ద కనబడే పేరు ఆమెదే.