జీన్ విల్‌ప్రూ-పవర్

జీన్ విల్‌ప్రూ-పవర్ (1794 - 1871) ఫ్రాన్సు దేశానికి చెందిన సముద్ర జీవ శాస్త్రవేత్త. స్క్విడ్, ఆక్టోపస్‌ల వలె శీర్షపాదుల వర్గానికి చెందిన ఆర్గొనాట్ అనే జీవిపై పరిశోధనలకు, గాజు అక్వేరియం రూపకల్పనకు ఈమె ప్రసిద్ధి చెందినది.

తొలి జీవితం

ఈమె జుయాక్ గ్రామంలో జన్మించినది. యుక్తవయసులో పారిస్ చేరి కుట్టుపనిలో పేరు తెచ్చుకొన్నది. 1816లో ఒక రాకుమారి పెళ్ళి దుస్తులు ఈమె కుట్టినవే. 1818లో జేమ్స్ పవర్ అనే వర్తకుని వివాహమాడి, సిసిలీ ద్వీపంలోని మెస్సినాలో స్థిరపడి, ప్రకృతి శాస్త్రాన్ని స్వయంకృషితో అభ్యసించినది.

పరిశోధన

ఆడ ఆర్గొనాట్‌కు పలుచని గుల్ల ఉంటుంది. దానిని అది తానే నిర్మించుకొంటుందా, లేక సన్యాసి పీత వలె మరొక జీవి గుల్లలో చేరుతుందా అన్నది అప్పటి శాస్త్రవేత్తల మధ్య వివాదం. చనిపోయిన నమూనాలను బట్టి ఇది తేలలేదు. 1832లో ఈమె గాజు తొట్టెలు తయారు చేయించి, వాటిలో సజీవ ఆర్గొనాట్‌లను పెంచినది. పిల్లలు గుల్ల కట్టుకొనడం, పగిలిన గుల్లను తల్లి తన రెండు చేతుల పొరల స్రావంతో బాగుచేసుకొనడం గమనించి, గుల్ల దాని సొంతమేనని నిరూపించినది. కటానియాలోని జొయేనియా అకాడమీలో ఈమె తొలి మహిళా సభ్యురాలు.

చివరి రోజులు

1838లో ఈమె సేకరణలను తీసుకువెళుతున్న ఓడ మునిగిపోయి, ఏళ్ళ శ్రమ సముద్రం పాలైనది. అయినను 1839లో ఈమె పరిశీలనలు గ్రంథరూపంలో వెలువడినవి. అదే సంవత్సరం రిచర్డ్ ఓవెన్ వాటిని లండన్ శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చాడు. 1870లో పారిస్ ముట్టడి సమయంలో స్వగ్రామం చేరి, మరుసటి ఏడాది అక్కడే మరణించినది. 1997లో శుక్రగ్రహంపై ఒక బిలానికి ఈమె పేరు పెట్టారు.