కార్మిక పక్షము వీడని మంత్రి: శ్రీ వి.వి. గిరి

శ్రమజీవుల విశ్వాసముతో అధికారపీఠము నెక్కుట ఒక ఎత్తు. ఎక్కిన పిదప ఆ విశ్వాసమును నిలుపుకొనుట మరియొక ఎత్తు. ఈ రెండింటను కృతకృత్యులైన ఆంధ్ర ప్రముఖులలో శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు అగ్రగణ్యులు.

వారు 1894 ఆగస్టు 10వ తేదీన, నాటి మద్రాసు రాజధానిలోని బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది. గిరిగారును న్యాయశాస్త్రము నభ్యసించుటకై 1913లో ఐర్లండునకు వెళ్ళిరి. అచ్చటి స్వాతంత్ర్యోద్యమము వారి నాకర్షించెను. ఆ సంబంధము కారణముగ 1916లో ఆ దేశమును విడువవలసి వచ్చెను.

స్వదేశమున న్యాయవాద వృత్తి చేపట్టినను, వారి మనస్సు రైల్వే కార్మికుల కష్టములవైపు మొగ్గెను. అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్యను స్థాపించినవారిలో ఒకరై, పదేండ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పాటుపడిరి. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని కోల్పోయినవారి కొరకు శాంతియుతమైన సమ్మెను నడిపి, యాజమాన్యముచే కోర్కెల నంగీకరింపజేసిరి.

1937 ఎన్నికలలో కాంగ్రెసు పక్షమున బొబ్బిలిలో నిలిచిరి. ప్రత్యర్థి సాక్షాత్తు బొబ్బిలి రాజాగారు. జస్టిస్ పార్టీ నాయకులు, మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా నుండినవారు. రాజాగారిని వారి కోట యున్న చోటనే కార్మిక నాయకుడు ఓడించుట దేశమున సంచలనము గలిగించెను. పిమ్మట రాజాజీ మంత్రివర్గములో గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖలను నిర్వహించిరి. భారతదేశమును దాని సమ్మతి లేకయే యుద్ధములోనికి దింపినందులకు నిరసనగా 1939లో ఆ మంత్రివర్గము రాజీనామా చేసెను. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున వారు మరల కార్మిక మంత్రియైరి.

న్యాయస్థానపు నిర్బంధ తీర్పుకంటె, యజమానులును కార్మికులును ఎదురెదురుగా కూర్చుండి పరిష్కరించుకొనుటయే మేలని వారి సిద్ధాంతము.

1952లో కేంద్ర కార్మిక మంత్రియైరి. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము తగ్గింపగా, 1954లో పదవిని త్యజించిరి. నాడు వారు కోల్పోయినది మంత్రిపదవి. నిలుపుకొన్నది శ్రామికుల విశ్వాసము. తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగాను, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగాను పనిచేసి, 1980 జూన్ 24న మద్రాసులో కీర్తిశేషులైరి.

పదవి కొరకు పక్షమును మార్చక, పక్షము కొరకు పదవిని విడిచిన ఈ జీవితము ప్రజాసేవకులకెల్ల ఆదర్శప్రాయము.