తల దొరకలేదు, ఎముక దొరకలేదు.. అయినా ఉరి తీశారు! 97 ఏళ్ల తర్వాత డీఎన్‌ఏ ట్విస్ట్.. ఎవరీ డాక్టర్ క్రిపెన్?

ఇంటి నేలమాళిగలో ఓ మాంసపు ముద్ద దొరికింది. తల లేదు. చేతులు, కాళ్లు లేవు. ఒక్క ఎముక కూడా లేదు. అది ఆడ మనిషిదా, మగ మనిషిదా అన్నది కూడా డాక్టర్లు తేల్చలేకపోయారు. కానీ అది ఆయన భార్యదేనని కోర్టు నమ్మింది. ఆ ఇంటి యజమానిని ఉరి తీసింది. బ్రిటన్‌లో వందేళ్లు దాటినా ఇప్పటికీ చర్చ ఆగని కేసు ఇది. ఆ యజమాని పేరు హాలీ హార్వీ క్రిపెన్. అసలు ఈయన ఎవరు? ఆ ఇంట్లో ఏం జరిగింది?

అమెరికా నుంచి లండన్‌కు..

క్రిపెన్ 1862లో అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రం కోల్డ్‌వాటర్‌లో పుట్టాడు. హోమియోపతి చదివాడు. మొదటి భార్య షార్లెట్ చనిపోవడంతో కొడుకును కాలిఫోర్నియాలో ఉన్న తన తల్లిదండ్రుల దగ్గర వదిలేశాడు. ఆ తర్వాత కోరా టర్నర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు పాటలంటే పిచ్చి. స్టేజ్ మీద పెద్ద స్టార్ అవ్వాలన్నది కల. బెల్ ఎల్మోర్ అని పేరు కూడా పెట్టుకుంది.

1897లో మున్యన్స్ అనే హోమియో మందుల కంపెనీ పని మీద క్రిపెన్ లండన్ వెళ్లాడు. అమెరికాలో తీసుకున్న డిగ్రీతో ఇంగ్లండ్‌లో డాక్టర్‌గా ప్రాక్టీస్ చేయడానికి వీల్లేదు. అందుకే మందుల వ్యాపారంలోనే ఉండిపోయాడు. పొట్టి మనిషి, దళసరి కళ్లద్దాలు, మీసాలు, మెత్తటి మాట. చూసినవాళ్లెవరూ ఈయన హంతకుడని అనుకోరు.

1905లో ఈ దంపతులు ఉత్తర లండన్‌లోని 39, హిల్‌డ్రాప్ క్రెసెంట్ ఇంట్లోకి మారారు. పైకి బాగానే ఉన్నా లోపల ఇద్దరికీ పడేది కాదు. ఆమెకు ఇతరులతో సంబంధాలున్నాయని ఆయన అనుమానం. ఆయనేమో తన ఆఫీసులో టైపిస్ట్‌గా చేసే ఎథెల్ లె నీవ్‌తో ప్రేమలో పడ్డాడు.

ఆ రాత్రి తర్వాత కోరా కనిపించలేదు

1910 జనవరి 31. ఇంటికి స్నేహితులైన ఓ జంట డిన్నర్‌కు వచ్చింది. పేకాట ఆడారు, అర్ధరాత్రి దాటాక వెళ్లిపోయారు. కోరాను ప్రాణాలతో చూసినట్టు బయటివాళ్లు చెప్పింది అదే ఆఖరిసారి.

ఆమె అమెరికా వెళ్లిందని క్రిపెన్ అందరికీ చెప్పాడు. కొన్ని రోజులకే ఆమె నగలు తాకట్టు పెట్టాడు. ఫిబ్రవరిలో ఓ ఫంక్షన్‌కు ఎథెల్ కోరా నగ పెట్టుకుని వచ్చింది. మార్చిలో ఏకంగా ఇంట్లోకే మకాం మార్చేసింది. ఆ తర్వాత క్రిపెన్ కథ మార్చాడు. కోరా అమెరికాలో జబ్బు చేసి చనిపోయిందన్నాడు. దహనం కూడా అయిపోయిందన్నాడు.

కోరా స్నేహితురాళ్లు మాత్రం ఊరుకోలేదు. మ్యూజిక్ హాల్ కళాకారిణుల సంఘంలో ఆమెతో పనిచేసిన వాళ్లు ఆరా తీశారు, పోలీసుల దాకా విషయం తీసుకెళ్లారు. వాళ్లే లేకపోతే ఈ కేసే లేదు.

పారిపోవడమే పెద్ద తప్పు!

జులై 8న స్కాట్‌లండ్ యార్డ్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ వాల్టర్ డ్యూ ఇంటికి వచ్చాడు. అప్పుడు క్రిపెన్ మూడో కథ చెప్పాడు. భార్య ప్రియుడితో వెళ్లిపోయిందని, పరువు పోతుందని అబద్ధమాడానని అన్నాడు. ఇల్లంతా వెతికారు, ఏమీ దొరకలేదు. డ్యూ దాదాపు నమ్మేశాడు కూడా.

కానీ క్రిపెన్ భయపడిపోయాడు. ఎథెల్‌ను తీసుకుని పారిపోయాడు. దీంతో డ్యూకి డౌట్ వచ్చి మళ్లీ తవ్వించాడు. జులై 13న బొగ్గు నిల్వచేసే గదిలో, ఇటుకల నేల కింద ఆ మాంసపు ముద్ద బయటపడింది. దాంతోపాటు ఓ పైజామా చొక్కా ముక్కలు, రంగు వేసిన జుట్టు దొరికాయి.

అప్పటికి క్రిపెన్ మీసాలు తీసేశాడు. ఎథెల్ మగపిల్లాడి వేషం వేసుకుంది. ఇద్దరూ తండ్రీకొడుకుల్లా ఆంట్‌వెర్ప్‌లో మాంట్రోజ్ అనే ఓడ ఎక్కి కెనడా బయల్దేరారు. కానీ కెప్టెన్ హెన్రీ కెండాల్‌కు అనుమానం వచ్చింది. తండ్రీకొడుకులు అలా చేతులు పట్టుకుని తిరగడమేంటి? కొడుకు ప్యాంటుకు పిన్నీసులేంటి? వెంటనే వైర్‌లెస్‌లో లండన్‌కు సమాచారం పంపాడు.

డ్యూ ఇంకా వేగంగా వెళ్లే లారెంటిక్ ఓడ ఎక్కాడు. మాంట్రోజ్ కంటే ముందే కెనడా చేరాడు. ఈ రేసు గురించి ప్రపంచమంతా రోజూ పేపర్లలో చదువుతోంది. ఓడలో ఉన్న ఆ ఇద్దరికి మాత్రం తెలియదు! జులై 31న క్రిపెన్ అరెస్టయ్యాడు. వైర్‌లెస్ సాయంతో దొరికిన మొదటి హంతకుడిగా చరిత్రకెక్కాడు.

ఒక్క మచ్చ చుట్టూ కేసు

1910 అక్టోబర్ 18న ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ మొదలైంది. అసలు ప్రశ్న ఒక్కటే. ఆ మాంసం కోరాదేనా?

కోరాకు గతంలో పొత్తికడుపు ఆపరేషన్ జరిగింది. దొరికిన చర్మం ముక్క మీద ఓ గీత ఉంది. అది ఆపరేషన్ మచ్చేనని ప్రాసిక్యూషన్ తరఫున 33 ఏళ్ల పాథాలజిస్ట్ బెర్నార్డ్ స్పిల్స్‌బరీ చెప్పాడు. కాదు, అది మడతపడిన మామూలు చర్మమే, అందులో వెంట్రుకల కుదుళ్లున్నాయని డిఫెన్స్ డాక్టర్ వాదించాడు. మచ్చ మీద వెంట్రుకలు మొలవవు కదా! కానీ స్పిల్స్‌బరీ తడబడకుండా చెప్పిన తీరు జ్యూరీని ఆకట్టుకుంది.

ఇంకో రెండు పాయింట్లు క్రిపెన్‌ను ముంచేశాయి. ఒకటి హయోసిన్. మన ఊళ్లలో ఉమ్మెత్త మొక్కలో కూడా ఉండే విషం ఇదే. మాంసంలో అది ఉన్నట్టు పరీక్షలో తేలింది. కోరా మాయమవడానికి రెండు వారాల ముందే క్రిపెన్ దాన్ని కొన్నాడు. రెండోది పైజామా. ఆ మాంసం తాను ఇంట్లోకి రాకముందు నుంచే ఉందేమోనని ఆయన వాదన. కానీ ఆ బట్ట 1905 తర్వాతే మార్కెట్లోకి వచ్చిందని ప్రాసిక్యూషన్ నిరూపించింది.

జ్యూరీ 27 నిమిషాల్లో దోషి అని తేల్చేసింది. అప్పీలు కొట్టేశారు. 1910 నవంబర్ 23న పెంటన్‌విల్ జైల్లో ఉరి తీశారు. ఆఖరి వరకు తాను నిర్దోషినేనని చెప్పాడు. ఎథెల్ ఫొటో, ఉత్తరాలు తనతోనే పూడ్చిపెట్టాలని కోరాడు. ఎథెల్ మీద పెట్టిన కేసును కోర్టు కొట్టేసింది. ఆమె 1967 దాకా బతికింది.

97 ఏళ్ల తర్వాత..

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. నాటి గాజు స్లైడ్ ఒకటి లండన్‌లోని ఓ ఆసుపత్రి ఆర్కైవ్‌లో భద్రంగా ఉంది. మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ ఫోరన్ బృందం దాని నుంచి డీఎన్‌ఏ తీసింది. కోరా తల్లి వైపు వారసులతో పోల్చింది. 2007లో ఫలితం బయటపెట్టింది. మ్యాచ్ కాలేదు! పైగా అది మగ మనిషిదని కూడా ఆ బృందం చెప్పింది.

మరి క్రిపెన్ నిర్దోషేనా? అంత తొందరపడలేం. వందేళ్ల స్లైడ్‌ను ఎంతమంది ముట్టుకున్నారో, అసలు ఆ వారసులు నిజంగా కోరా వంశం వాళ్లేనా అని విమర్శకులు ప్రశ్నించారు. కోరా కూడా మళ్లీ ఎక్కడా కనిపించలేదు. ఓ దూరపు బంధువు కేసు తిరగదోడాలని కోరితే, అంత దూరపు చుట్టరికం సరిపోదంటూ 2009లో బ్రిటన్ కేసుల సమీక్షా కమిషన్ ఒప్పుకోలేదు.

క్రిపెన్ అబద్ధాలాడాడు, విషం కొన్నాడు, పారిపోయాడు. ఇవన్నీ నిజాలే. కానీ చనిపోయింది ఎవరో చెప్పడానికి కోర్టు దగ్గరున్న బలమైన ఆధారం ఓ చిన్న చర్మం ముక్క. దాని మీదే డాక్టర్లు రెండుగా చీలిపోయారు. ఇవాళ ల్యాబ్ రిపోర్ట్ తప్పని తేలితే ఖైదీని విడుదల చేయొచ్చు. ఉరి తీసిన మనిషి విషయంలో ఆ అవకాశం లేదు. క్రిపెన్ రికార్డుల్లో ఇప్పటికీ హంతకుడే. ఆ నేలమాళిగ ఉన్న ఇల్లు రెండో ప్రపంచ యుద్ధం బాంబు దాడుల్లో కూలిపోయింది. తల మాత్రం ఇప్పటికీ దొరకలేదు.