డాక్టరు మేరీ వర్గీసు

మన ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. పోగు తెగినంతమాత్రమున నేతగాడు మగ్గము విడిచి లేచిపోడు. తెగిన కొనలు వెదకి, ముడివేసి, నేత సాగించును. మనుష్యుల విషయమున ఇట్టి పనినే చేసిన యొక వైద్యురాలి చరిత్రమును మా చదువరులకు చెప్పదలచితిమి.

మేరీ వర్గీసు 1925వ సంవత్సరమున కొచ్చిన్‌లో సిరియను క్రైస్తవ కుటుంబమున జన్మించెను. తెలుగు జిల్లాలనుండి రోగులు పెక్కుమంది పోవుచుండు వెల్లూరి క్రైస్తవ వైద్య కళాశాలలో చదివి వైద్యురాలయ్యెను. 1954వ సంవత్సరమున స్నేహితులతో విహారమునకు పోవుచుండగా వారెక్కిన మోటారుబండి బోల్తాపడెను. ఆమె ముఖమునకు గాయములయ్యెను. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు స్వాధీనము తప్పెను.

తన వృత్తి ముగిసినదని ఆమె తలంచుచుండగా, డాక్టరు పాల్ బ్రాండు గారు క్రొత్త త్రోవ చూపిరి. కుష్ఠురోగుల వంకరవోయిన చేతులను సరిచేయు శస్త్రచికిత్స కూర్చుండియే చేయవచ్చును. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండి ఆ విద్య నేర్చి, ఆ చేతులకు మరల పని చేకూర్చెను. పిమ్మట ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున తానే రోగియై శిక్షణ పొందెను. న్యూయార్కులో డాక్టరు హోవర్డు రస్కు గారి సంస్థయందు పునరావాస వైద్యము అభ్యసించెను. తిరిగివచ్చి వెల్లూరిలో ఆ శాఖకు పెద్దయయ్యెను. రోగులు అక్కడనే యుండి శిక్షణ పొందుటకై 1966లో పునరావాస సంస్థ ఏర్పడెను. 1972లో పద్మశ్రీ బిరుదము నందిన ఈమె 1986లో పరమపదించెను.

ఆ సంస్థ వెన్ను విరిగినవారికే గాక, మెదడు గాయపడినవారికిని ఆశ్రయము. తలదెబ్బ తగిలినవారికి పైగాయము మానినను మాట తడబడవచ్చును, జ్ఞాపకము తప్పవచ్చును, కోపము హెచ్చవచ్చును, ఒక ప్రక్క చేయియు కాలును పడిపోవచ్చును. నశించిన మెదడు భాగము మరల మొలవదు. అయినను దినదినాభ్యాసముచే మిగిలిన భాగములు ఆ పనిని కొంతవరకు నేర్చుకొనును. అందుచే ముద్ద నోటికెత్తుట, గుండీ పెట్టుకొనుట, ఇంటివారి పేర్లు చెప్పుట మొదలగు వానిని మరల మరల చేయింతురు. ఇంటివారును ఈ విద్య నేర్వవలెను; ఏలయన రోగి యిల్లు చేరిన పిమ్మట వారే ఉపాధ్యాయులు.

ప్రాణము దక్కి యిల్లు చేరినవాడు పూర్వపు మనిషి కాడని చెప్పి, అతనిని మూలనున్న మంచమునకు విడుచు ఇండ్లు పెక్కు గలవు. మేరీ వర్గీసు కాళ్లకును పూర్వపు శక్తి తిరిగి రాలేదు. అయినను ఆమెకు చేయుటకు పనియు, పదిమందిలో చోటును దొరికెను. కోలుకొనుట యనగా పూర్వమువలె నగుటయే కాదని ఆమె జీవితము మనకు నేర్పుచున్నది. బాలబాలికలారా, మీ వీథిలో నట్టివారున్నయెడల మాట తడబడినప్పుడు నవ్వకుడు. దినమునకొక గడియ వారిచెంత కూర్చుండి, వారు మాట ముగించువరకు ఓపికతో వినుడు.