అడిగి నేర్చిన అయ్యవారు: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితము

తాను చేయని పనిని గురువు శిష్యునిచేత చేయింపజాలడు. ఈత రానివాడు గట్టుపై నిలిచి ఈత నేర్పుట యెట్టిదో, ఒక్క ప్రశ్ననైనను కడదాక వెంబడింపనివాడు పసివారికి ప్రకృతిశాస్త్రము బోధించుట యట్టిది. ప్రాథమిక పాఠశాలలకు ఉపాధ్యాయులు కాగోరు యువతీయువకులకు పూర్వపు గుంటూరు మండలమున బోయపాలెమునందును, ప్రకాశము మండలమున మైనంపాడునందును శిక్షణసంస్థలు కలవు. శాస్త్రమును వల్లె వేయింపరాదనియు, పిల్లలచేతనే చూపించి, అడిగించి, చేయించి తెలిసికొననీయవలెననియు నేటి శిక్షణశాస్త్ర మంతయు ఘోషించుచున్నది. అయితే ఏ శిక్షణాలయమునకైనను ఒక అపాయము పొంచియుండును. వల్లె వేయింపరాదను సూత్రముగూడ వల్లెవేసి పరీక్షలో వ్రాయదగిన పాఠముగా మారిపోవచ్చును. ఆ అపాయమునకు విరుగుడు బోధనసూత్రములలోకన్న మనుష్యుల జీవితములలో దొరకును.

అట్టి జీవితము మనకొకటి కలదు. పత్తియు మిరపయు పండు ఈ నల్లరేగడికి దూరముగా, వంశధారాతీరమునకు ఆవల పర్లాకిమిడిలో, ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఎల్లరు నెరుగుదురు. ఆగష్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుట ఆయన జన్మదినమగుటవలననే. కాని పూలదండల నడుమ ఆయనలోని ఉపాధ్యాయుని మరచిపోవుచున్నాము. ఆయన రసాయనశాస్త్రజ్ఞుడు కాడు, వృక్షశాస్త్రజ్ఞుడు కాడు. అయినను శాస్త్రదృష్టి యననెట్టిదో, అది బడిపంతులు కెట్లు అలవడునో తెలిసికొనగోరువారికి ఆయన చరిత్రమును మించిన పాఠము లేదు.

పంతులుగారు 1863లో శ్రీముఖలింగమునకు సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానమున ఉద్యోగి. బాల్యముననే తండ్రి గతించుటచే విజయనగరమున బంధువులయింట నుండి మహారాజావారి పాఠశాలలో చదువుకొనిరి. గురజాడ అప్పారావుగారు అచ్చట ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటియేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. తరగతిలో పాఠము చెప్పుచునే ఇంట చదువుకొని 1886లో ఎఫ్.ఏ., పిదప బి.ఏ. పరీక్షల నుత్తీర్ణులైరి. ఆయన కెవ్వరును పరిశోధన నేర్పలేదు. ఆ పల్లెటూరి పట్టణమున అందుకు వలసిన గ్రంథాలయము గాని, గురువు గాని లేరు.

అయినను ఎదుట ముఖలింగము కలదు. ఆ దేవాలయపు గోడలమీద శాసనములు కలవు. నిత్యము దేవుని సేవించువారు వేలకొలది ఆ గోడల ప్రక్కగా నడచి పోయిరి. ఆ గీతలలో నేమున్నదని అడిగినవారు అరుదు. చరిత్ర బోధించు ఈ ఉపాధ్యాయుడు అడిగెను. ప్రాచీనలిపులను స్వయముగా నేర్చుకొని, శాసనములను చదివి, తూర్పు గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ఈ ముఖలింగమే యని సాధనములతో వాదించి వ్యాసము ప్రకటించెను. పుస్తకములోని చరిత్రను అప్పగించుట వేరు, గోడమీది చరిత్రను తానే చదువుట వేరు. మొదటిది జ్ఞాపకశక్తికి సంబంధించినది, రెండవది జ్ఞానమునకు.

ఇంతకంటె గొప్పపని కొండలమీద ఆయనకై వేచియుండెను. పర్లాకిమిడి చుట్టునున్న అడవులలో సవరలు నివసింతురు. వారి భాషకు నాడు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. నేర్చుకొనుటకు పుస్తకము లేనిచో భాష యెట్లు నేర్చుకొనవలెను? పండితులకు ఇది అర్థములేని ప్రశ్నగా తోచియుండును. పంతులుగారు తెలుగు తెలిసిన సవర నొకనిని తన యింట నుంచుకొని, వానినే గురువుగా నెంచి అభ్యసింప మొదలిడిరి. ఈ పనికి దగ్గరిదారి లేదు. వస్తువును చూపి పేరడుగవలెను. విన్న మాటను వ్రాసికొనవలెను. వ్రాసినదానిని తిరిగి పలికి, ఎదుటివాడు నవ్విన చోట తప్పు దిద్దుకొనవలెను. ఒకనినుండి విన్న మాటను మరియొకనియొద్ద సరిచూడవలెను. నేడు నిర్ణయించిన నియమము రేపటి వాక్యముతో చెడినచో, వాక్యమును కాక నియమమును మార్చుకొనవలెను. ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞుడు చేయునది ఇంతకన్న వేరుకాదు. సవరలోని కొన్ని ధ్వనులు తెలుగు లిపిలో ఇమడవు. అందుకై ధ్వనిశాస్త్రమును సయితము ఆయన అభ్యసింపవలసి వచ్చెను.

ఈ శ్రమకు ఆయన చెల్లించిన వెల స్వల్పము కాదు. కొండలలో తిరుగుటచే మలేరియా సోకెను. దానికై వాడిన క్వినైనుచే చెవుడు వచ్చి జీవితాంతము నిలిచెను. చెవితో భాషను శోధింపబూనినవానికి చెవియే పోయెను! అయినను పని ఆగలేదు. సవరలకొరకు వారి భాషలోనే పుస్తకములు కూర్చి, స్వంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర బాలురకు సవరలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వము పారితోషికము నీయజూపగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. ముప్పదియేండ్లకు పైబడిన కృషిఫలముగా 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. ప్రభుత్వ మిచ్చిన రావు బహద్దరు, కైజరీహిందు బిరుదులు ప్రభుత్వముతోనే పోయినవి. గ్రంథములు మాత్రము లోకమునందలి భాషాశాస్త్రజ్ఞులకు నేటికిని ఆధారములై నిలిచియున్నవి.

సవర బాలుడు తన భాషలో చదివి వికసించుచుండగా, తెలుగు బాలుడు తనది కాని తెలుగులో చదివి మూగవోవుట పంతులుగారి కంట పడకపోవునా? 1906 ప్రాంతమున ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర, జనులు మాటలాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత భేదమేల యని ప్రశ్నించెను. ఆ ప్రశ్న అనేకులు విని ఊరకుండిరి. పంతులుగారును, గురజాడవారును, విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులగు శ్రీనివాస అయ్యంగారును దానిని పట్టుకొనిరి. 1911లో ఉద్యోగవిరమణ చేసిన పిదప పంతులుగారి శేషజీవిత మంతయు దాని సమాధానమునకే వినియోగమయ్యెను.

ఇచ్చటను ఆయన మార్గము పరిశోధకుని మార్గమే. జయంతి రామయ్య పంతులుగారు, వేదము వేంకటరాయశాస్త్రులుగారు మున్నగు ఉద్దండులు ఎదుటిపక్షమున నిలిచిరి. వారి భయము తేలికగా త్రోసివేయదగినది కాదు. కావ్యభాషతో సంబంధము తెగినచో వేయేండ్ల వాఙ్మయము పిల్లలకు దూరమగునని వారు తలంచిరి. పంతులుగారు ఆవేశముతో బదులీయక, ప్రయోగములను ప్రోగుచేసిరి. పూర్వుల వచనములలో వాడుకరూపము లెన్ని కలవో ఏర్చి చూపిరి. గ్రాంథికమే వ్రాయవలెనని శాసించు పండితుల వ్రాతలలోనే వారి నియమములకు కట్టుబడని రూపములను లెక్కించి చూపిరి. 1912–13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో వాడుకభాషయందు వ్యాసము వ్రాయుట కనుమతి లభించెను. ఆందోళన చెలరేగి కొలదికాలముననే అది వెనుకకు పోయెను. ఆయన కుంగలేదు. 1919లో తెలుగు అను మాసపత్రిక నెలకొల్పి వాదమును సాగించిరి. 1936 ఏప్రిలు 1న పర్లాకిమిడి ఒరిస్సారాష్ట్రమున చేరగా, ఆయుష్కాలమంతయు పనిచేసిన యూరిని వృద్ధాప్యమున విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకుల నుద్దేశించి తుదివిన్నపము చేసి, వారమునకే, 22వ తేదీన, కన్నుమూసిరి. ఈ పుటలలో మేము వాడుచున్న పాతబడిన పలుకుబడి ఆయనకు రుచించియుండదని యెరుగుదుము. ఆ దోషమును ఒప్పుకొనుచునే ఆయనకు నమస్కరించుచున్నాము.

పంతులుగారి భాషావాదమునకును ప్రకృతిశాస్త్ర బోధనకును సంబంధమేమని పాఠకు లడుగవచ్చును. సంబంధము మిక్కిలి సన్నిహితము. ప్రశ్న పుట్టునది నోట నాడు భాషలో. మిరపచేనిలో తల్లివెంట తిరుగు పిల్లకు ఆకుముడత తెలియును, పూతరాలుట తెలియును, వేసవిలో నేల నెర్రెలిచ్చుట తెలియును. బడిలో ఆ మాటలు చెల్లవనినచో, మాటలతోపాటు ఆమె చూచినదంతయు గడప వెలుపలనే నిలిచిపోవును. చూచినది చెప్పలేని పిల్ల అప్పగించుటకే సిద్ధపడును. అదియే వల్లెవేతకు మొదలు.

2021లో నల్ల తామరపురుగు మన మిరపతోటలపై పడి, పూవులలో దాగి పూతను రాల్చి, ఎందరో రైతుల కాపును హరించెను. ఆవగింజంతయైనను లేని ఆ పురుగును చూచుటకు ప్రయోగశాల యక్కరలేదు. తెల్లకాగితముమీద పూవును విదిలించినచో చాలును. పది పూవులు కోసి తెచ్చి, పిల్లలచేత పురుగులు లెక్కింపజేయవచ్చును. గట్టున నున్న మొక్కలలో ఎక్కువయా, నడిచేనిలో ఎక్కువయా? నీలిరంగు జిగురు అట్టకు ఎన్ని అంటుకొనినవి, పసుపుపచ్చదానికి ఎన్ని? ముందుగా ఊహింపజేసి, పిదప లెక్కింపజేసి, ఊహ తప్పినచో ఎందుకు తప్పెనో ఆలోచింపజేయుటకంటె ఉత్తమమైన శాస్త్రపాఠము ఏ పుస్తకమున కలదు? ఉపాధ్యాయునికి సమాధానము ముందుగా తెలిసియుండవలసిన పనియు లేదు. తెలియదని ఒప్పుకొని, చూతము రండని పిల్లలతో బయలుదేరు ధైర్యముండిన చాలును. సవరను గురువుగా నెంచిన పంతులుగారికి ఉండినది ఆ ధైర్యమే.

కావున శిక్షణ పొందు ప్రతి భావి ఉపాధ్యాయునిచేతను, పాఠప్రణాళికలు వ్రాయించుటకు ముందు, తన యూరినుండియే ఒక ప్రశ్న నెన్నుకొని కొన్ని నెలలు దానిని వెంబడించు పని చేయింపవలెను. అది పురుగు గావచ్చును, నల్లరేగడి గావచ్చును, బావిలోని నీటిమట్టము గావచ్చును. చూచినది చూచినట్లు వ్రాయనిండు, తప్పిన లెక్కలనుగూడ చెరపక చూపనిండు. భూస్వాములకును ఇందు కర్తవ్యము కలదు. చేనిగట్టుమీదికి పంతులును పిల్లలును వచ్చినప్పుడు పైరు త్రొక్కుదురని తరిమివేయక, ఒక మూల వారి లెక్కలకై విడిచిపెట్టవలెను. పురుగుమందులకు పోయు ధనముతో పోల్చిన ఆ మూల విలువ యెంత?

పంతులుగారికి విగ్రహములు చాలినన్ని కలవు. ఆయనవలె అడిగి నేర్చు అయ్యవారు ఊరి కొక్కరు వచ్చిననాడు ఆయన ఋణము తీరుట మొదలగును.